సముద్రంలో తొలి ఒంటరి ఈత

మన నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు సముద్రం లేదు. కృష్ణలో పుట్టి ఎక్కినా అంచు గట్టిగా పట్టుకుని కూర్చునేవాళ్లమే. నడుముకు బెండ్లు కట్టి బావిలో దింపితే మగపిల్లల్నే దింపేవారు! అందుకే గోలి శ్యామలగారి సంగతి చెప్పాలనిపించింది. నీళ్లంటే భయం పోవాలని నలభై దాటాక ఈత నేర్చిన ఈ హైదరాబాదావిడ, 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటి దాకా సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు.

ఇలాంటి ఈతకు తయారీ ఎట్లాగంటారా? వేగం కాదండీ, గంటలు ముఖ్యం. నీళ్లలో ఉండే సేపు వారం వారం కొంచెంగా పెంచుకోవాలి. కొలనులో గోడ తన్ని తిరిగినప్పుడల్లా క్షణం విశ్రాంతి దొరుకుతుంది. సముద్రంలో గోడెక్కడిది? అల ఏ వైపు నుంచి కొడుతుందో తెలియదు కనుక ఊపిరి రెండు వైపులా పీల్చడం అలవాటు కావాలి. ఉప్పునీటికి మెడ, చంకలు ఒరుసుకుని మండుతాయి. ముందే వాసెలిన్ దట్టంగా పట్టించాలి.

ఇక తిండి. వెంట పడవ వస్తుంది గాని, దాన్ని పట్టుకుంటే ఈత లెక్కలోకి రాదు. తేలుతూనే, పైనుంచి అందించిన పలచని ఆహారం గుటకలు వేయాలి. సాధనలో ఒంటికి పడిందే ఆ రోజూ ఇవ్వాలి, కొత్తవి వద్దు. ఒంటరి ఈత అంటాం గాని, పడవలోవాళ్లు మెలకువగా ఉండాలి. అలసటతో మాట తడబడితే ఈదేవారికి తెలియదు. ఆపమంటే ఆపాలి, ఆ ఒప్పందం ఒడ్డునే కావాలి.

52 ఏళ్ల వయసులో శ్యామలగారు 2024 డిసెంబరు 28న విశాఖలో దిగి, రోజూ కొంత కొంత ఈదుతూ 150 కిలోమీటర్ల దూరాన ఉన్న కాకినాడ చేరారు.