ఎండాకాలం ఖాళీలో కాఫీ మంచు

పరీక్ష రాసేశారు. ఫలితాలకు ఇంకా టైముంది. కొత్త నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. ఖమ్మంలో కోచింగ్ రూము ఖాళీ చేసి చర్లకో, దుమ్ముగూడేనికో, భద్రాచలానికో వచ్చేశారు. బయట అడుగు పెడితే నిప్పుల ఎండ. ఇంట్లో ఉంటే వచ్చిన చుట్టమల్లా ‘ఏం చేస్తున్నవ్ బిడ్డా?’ అని అడుగుడే. ఆ ప్రశ్న ఎండకన్నా ఎక్కువ కాలుస్తుంది కదూ?

ఈ ఖాళీలో ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. కావాల్సింది ఇంట్లో ఉన్న ఫ్రిజ్, ఒక స్టీలు పళ్లెం, ఒక ఫోర్కు, కాస్త కాఫీ పొడి, పంచదార. చేతికొచ్చేది గ్లాసుడు కాఫీ మంచు. దాంతోపాటు ఏ కోచింగ్ సెంటరూ చెప్పని ఒక లెక్క కూడా వస్తుంది.

ఏమిటీ గ్రనీటా?

ఇటలీ దక్షిణాన ఉన్న సిసిలీ దీవి వంటకం ఇది. అక్కడా ఎండలు గట్టివే. పాతకాలంలో ఎట్నా అగ్నిపర్వతం మీద కురిసిన మంచును పోగుచేసి, గుంతల్లో, గుహల్లో దాచి, వేసవిలో కిందికి తెచ్చి పండ్ల రసాలతో కలిపి తినేవారు. అలా పుట్టిందే గ్రనీటా. పేరుకు తగ్గట్టే రవ్వరవ్వగా ఉంటుంది. మెస్సీనా ఊళ్లో అయితే కాఫీ గ్రనీటా మీద మీగడ వేసుకుని, మెత్తటి బన్నుతో పొద్దున్నే టిఫిన్‌లా లాగించేస్తారు.

మన ఐస్ గోలాకూ దీనికీ తేడా ఉంది. గోలాలో ఐసు వేరు, పైన పోసే రంగునీళ్లు వేరు. గ్రనీటాలో కాఫీనే గడ్డకడుతుంది. అందుకే బయట ఐసు కొనే పని లేదు. ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో అన్న భయమూ లేదు.

చేసే పద్ధతి

50 గ్రాముల ఫిల్టర్ కాఫీ పొడితో డికాక్షన్ తీయండి. మరిగించిన వేడినీళ్లు కలిపి మొత్తం అరలీటరు చేయండి. పాలు వద్దు. వేడి మీదే 100 గ్రాముల పంచదార వేసి పూర్తిగా కరిగించండి. రుచి చూస్తే తీపి కాస్త ఎక్కువైందనిపించాలి. చల్లబడ్డాక నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది కాబట్టి అప్పటికి సరిపోతుంది.

బాగా చల్లారాక వెడల్పాటి స్టీలు పళ్లెంలో రెండు సెంటీమీటర్ల లోతుకు మించకుండా పోసి, మూతపెట్టి ఫ్రీజర్లో ఉంచండి. పక్కన చేపలు, మాంసం లేకుండా చూసుకోండి, వాసన పట్టేస్తుంది. ముప్పావుగంటకు అంచులు గడ్డకడతాయి. ఫోర్కుతో వాటిని గీకి మధ్యలోకి తోయండి. అక్కడి నుంచి ప్రతి అరగంటకూ అదే పని. మూడు, మూడున్నర గంటల్లో పళ్లెం నిండా గోధుమరంగు మంచురవ్వ తయారవుతుంది. చల్లటి గ్లాసుల్లో వేసి, పైన చెంచాడు మీగడ వేస్తే ఆరు గ్లాసులవుతుంది.

ఇంత గీకుడు ఎందుకు? నీరు గడ్డకట్టేటప్పుడు పంచదారను బయటికి నెట్టేస్తుంది. మిగిలిన ద్రవం ఇంకా తియ్యనై, ఇంకా ఆలస్యంగా గడ్డకడుతుంది. ఈలోపు మీరు గీకుతుంటే స్ఫటికాలు చిన్నవిగానే ఉంటాయి. ఒక్కసారి మరిచిపోయి క్రికెట్ మ్యాచ్‌లో కూర్చున్నారా, పళ్లెంలో బండరాయే! అయినా కంగారొద్దు. పది నిమిషాలు బయటపెట్టి, పొడిచి మళ్లీ గీకండి. పంచదార బాగా తగ్గిస్తే రాయవుతుంది, బాగా పెంచితే గడ్డే కట్టదు. పంచదారకు బదులు తాటిబెల్లంతో చేస్తే రుచి మారుతుంది, కాస్త మెత్తగానూ ఉండొచ్చు. తొలిసారి కొంచెమే చేసి చూడండి.

కాఫీ పొడి కోసం దూరం చూడక్కర్లేదు. తూర్పు కనుమల్లో గిరిజన రైతులు పండించే అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చికోరీ కలిపిన పొడైతే చేదు, చిక్కదనం ఎక్కువ, ధర తక్కువ. రెండూ చేసి మీ ఇంటివాళ్లతోనే రుచి చూపించండి.

అసలు పాఠం లెక్కలో

ఇప్పుడు నోట్‌బుక్ తీయండి. ఉదాహరణకు కాఫీ పొడి 40 రూపాయలు, పంచదార 5, మీగడ, కప్పులు, చెంచాలు కలిపి 30, కరెంటుకు 5. మొత్తం 80. మీ ఊరి ధరలు వేసుకుంటే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

గ్లాసు 20 చొప్పున ఆరూ అమ్మితే 120 వస్తుంది, మిగిలేది 40. రెండు గ్లాసులు మిగిలిపోతే? వచ్చేది 80. లాభం సున్నా! మూడున్నర గంటల మీ కష్టానికి కూలి కూడా రాలేదు. ధర 30 పెడితే మూడు గ్లాసులకే పెట్టుబడి వచ్చేస్తుంది. కానీ 30 పెట్టి మీ వీధిలో ఎవరు కొంటారు? ఆ ప్రశ్నకు జవాబు పుస్తకంలో ఉండదు, పదిమందిని అడిగితేనే తెలుస్తుంది.

కాబట్టి ముందే ఆర్డరు తీసుకుని, అంతే చేయండి. శ్రీరామనవమికి భద్రాచలంలో జనమే జనం కదా అని ఒకేసారి ఆశపడొద్దు. ఇంటి ఫ్రీజర్లో రెండు పళ్లేలు పడితే పన్నెండు గ్లాసులే. ఎండలో మోసుకెళ్లేలోపు అదీ నీరవుతుంది. కరెంటు పోయి పూర్తిగా కరిగిపోయిందనుకోండి, మళ్లీ గడ్డకట్టించి అమ్మకండి. ఆ నష్టం రాసుకోండి, అదీ పాఠమే.

నిజంగా అమ్మాలనుకుంటే..

ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఫాస్‌కాస్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో నిరుద్యోగ యువతకు భోజనం, వసతితో ఉచిత శిక్షణ ఇస్తారు. గిరిజన యువత భద్రాచలం ఐటీడీఏ కార్యాలయంలోనూ శిక్షణల గురించి అడగొచ్చు. పని పెంచుకోవాలంటే ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50 వేల రూపాయల వరకు రుణానికి బ్యాంకును సంప్రదించొచ్చు. కానీ నెలరోజులు లెక్క రాయకుండా అప్పు జోలికి వెళ్లొద్దు.

చదువు మానేసి గ్లాసులు అమ్ముకోమని చెప్పడం లేదు. పొద్దున చదువు, మధ్యాహ్నం అరగంటకోసారి ఫోర్కు.. రెండూ కుదురుతాయి. రేపు ఇంటర్వ్యూలో ‘పరీక్ష తర్వాత ఈ ఖాళీలో ఏం చేశారు?’ అని అడిగితే నోట్‌బుక్ గుర్తుకు తెచ్చుకోండి. పెట్టుబడి ఎంత, ఎక్కడ నష్టపోయారు, ధర ఎందుకు మార్చారు.. అన్నీ మీ అనుభవంలోంచే చెప్పొచ్చు.

ఈసారి చుట్టాలొచ్చి ‘ఏం చేస్తున్నవ్ బిడ్డా?’ అంటే, ముందు ఒక గ్లాసు చేతికివ్వండి. జవాబు తర్వాత చెప్పొచ్చు.