అప్పు జొన్నల్లోనే తీరింది

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ చుట్టుపక్కల పేదలు ఒకప్పుడు పస్తులున్నది భూమి లేక కాదు. ఉన్న చెలక దున్నడానికి పెట్టుబడి లేక. భూములు పడావు పడి ఉంటే, ఎక్కడో కాలువల కింద పండిన బియ్యం రేషన్ దుకాణానికి వచ్చేది.

ఈ పరిస్థితిని మార్చింది పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు. సభ్యుల్లో అత్యధికులు దళిత మహిళలు. 1990ల మధ్యలో వాళ్లు సుమారు 30 గ్రామాల్లో రెండున్నర వేల ఎకరాలకు పైగా పడావు భూమిని సాగులోకి తెచ్చారు. పెట్టుబడి అప్పుగానే ఇచ్చారు కానీ, వాయిదాలు జొన్నల్లో కట్టించుకున్నారు. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, పని దొరకని నెలల్లో నిరుపేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. పండించిన ఊరే తిన్నది.

మరి నిరుపేదలెవరు? ఆ జాబితా ఆఫీసులో తయారవలేదు. ఊరంతా ఒకచోట చేరి, రంగులతో నేల మీద ఊరి పటం ముగ్గులా వేసి, ఇంటింటి పరిస్థితీ అందరి ముందే తేల్చారు. పదిమంది ఎదుట జరిగే ఆ లెక్కలో దొంగ పేర్లు చొప్పించడం తేలిక కాదు. ఈ పథకంలో అన్నిటికన్నా గొప్ప సంగతి ఇదే.

విత్తనమూ వాళ్ల చేతిలోనే ఉంది. బూడిద, వేపాకు కలిపి వెదురు గంపల్లో దాచిన గింజలను అడిగినవారికి అప్పిస్తారు. పంట వచ్చాక తీసుకున్నదానికి మించి కొలిచి ఇస్తే చాలు, డబ్బు ప్రసక్తే లేదు. ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరిగేవి ఈ గింజలే.

తినగా మిగిలిన జొన్న, కొర్ర, కంది సంఘాల సొంత మార్కెట్ ద్వారా హైదరాబాద్ దాకా అమ్ముడవుతాయి. మందులు వాడలేదని పూచీ పడేది ఇరుగుపొరుగు రైతులే. ఒకరి చేను ఒకరు తిరిగి చూస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ మహిళలకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

2013 ఆహార భద్రతా చట్టం రేషన్‌లో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలకూ చోటిచ్చింది. చట్టం ఉంది, పండించే చేతులున్నాయి. మెట్ట ప్రాంతాల రేషన్ దుకాణాలకు ఆ చుట్టుపక్కల పండిన జొన్నలనే గిట్టుబాటు ధరకు కొని ఇవ్వడానికి ప్రభుత్వాలు ఇప్పటికైనా పూనుకోవాలి.