మెదడునకు సోకిన వైరసు – మందు పనిచేయుట నెఱుగు విధము

ఎయిడ్సు రోగికి మెదడున వైరసు సోకినపుడు మందిచ్చుట యొక యెత్తు. ఆ మందు పనిచేయుచున్నదో లేదో కనిపెట్టుచుండుట మఱియొక యెత్తు. ఈ రెండవదానిని గూర్చియే నేడు మనవి చేయదలచితిని.

మన దేశమున హెచ్.ఐ.వి. 1986లో మదరాసు వైద్యకళాశాలయందు డాక్టరు సునీతి సాల్మన్ గారి బృందముచే మొదట గుర్తింపబడినది. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము మందులను ఉచితముగ నిచ్చుచున్నది. వానిని తప్పక సేవించువారు బహుకాలము జీవింతురు. చికిత్స లేనిచో రోగనిరోధకశక్తి క్షీణించును. ఘనమిల్లీమీటరు రక్తమున 500కు పైగా నుండవలసిన సీడీ4 కణములు 50కి దిగువకు పడినపుడు, అంతవఱకు దేహమున అణగియున్న సైటోమెగలోవైరసు మెదడునకు ప్రాకగలదు. అంతట మతిమఱుపు, తికమక, మగత పుట్టును. ఇది గ్రహచేష్టయని తలచి సోదె యడుగుచు కాలము గడపుట ప్రాణాపాయము. క్షయవలనను ఇట్టి లక్షణములే కలుగును గాన మొదట కారణనిర్ణయము కావలెను.

మన శ్రీకూర్మనాథుని కోవెలలో తాబేళ్లను చూచినవారెఱుగుదురు: ముడుచుకొన్న తాబేటి పైచిప్పను చూచి లోని సంగతి చెప్పలేము. మెదడును అట్టిదే. రక్తమునకును మెదడునకును నడుమ ప్రకృతి యొక యడ్డుగోడ కట్టినది. రక్తమున వైరసు కానరాకున్నను మెదడున నుండవచ్చును. కావున వైద్యులు మెదడును, వెన్నుపామును ఆవరించిన నీటిని నడుముదగ్గఱ సూదితో కొలదిగా తీసి పీసీఆర్ పరీక్ష చేయింతురు. చికిత్సకు ముందొకసారి, కొన్ని వారములు మందు నడచిన పిమ్మట నొకసారి వైరసు పరిమాణమును లెక్కింతురు. లెక్క తగ్గినచో మందు పనిచేయుచున్నది. తగ్గనిచో వైరసు మందునకు లొంగలేదేమోయని విచారింతురు.

వెన్నున సూది గ్రుచ్చిన కాళ్లు పడిపోవునను భయము పల్లెలలో మెండు. వెన్నుపాము నడుము పైభాగముననే ముగియును. సూదిని దానికి దిగువ గ్రుచ్చుదురు. కొందఱికి కొన్నిదినములు తలనొప్పి యుండును. తలలో ఒత్తిడి హెచ్చినదేమోయని అవసరమైనచో ముందుగా స్కానింగు తీయింతురు.

మందులను సైతము కనిపెట్టవలెను. గాన్సిక్లోవిర్ తెల్లరక్తకణములను తగ్గించును; ఫాస్కార్నెట్ మూత్రపిండములకు హాని చేయగలదు. తఱచు రక్తపరీక్ష చేయుట యందులకే.

హెచ్.ఐ.వి. మందులు మొదలిడిన కొన్నివారములకు, తేరుకొన్న రోగనిరోధకశక్తి వైరసుపై విరుచుకొనిపడి వాపు కలిగింపవచ్చును. రోగి మునుపటికంటె చెడినట్లగపడును. అప్పుడు మందు విషమైనదని మాన్పింపక వైద్యునికి చూపుడు. నాలుగుమాటలు తెలివిగా మాటాడినంతనే నయమైనదనియు మాన్పింపకుడు.

రోగి సమ్మతి లేక అతని వ్యాధిని బయటపెట్టుటను, అతనిపై వివక్ష చూపుటను 2017 నాటి చట్టము నిషేధించినది. కావున గుట్టు కాపాడుచునే, అతనిని విశాఖపట్టణమునందలి కింగ్ జార్జి ఆసుపత్రివంటి చోటికి కొనిపోవుటకు తోడుమనిషిని, దారిఖర్చును సమకూర్పుడు. పరీక్షకు మరల రమ్మన్న దినమున మరల పంపుడు. గ్రామమున మీ మాటకు విలువ కలదు. ఇంటివారు సూదికి జంకినపుడు ఆ మాటతో వారికి ధైర్యము చెప్పుడు.