చీకట్లో దారితప్పే వీఆర్ హెడ్‌సెట్

వీఆర్ హెడ్‌సెట్ ధరించిన వ్యక్తికి ఎదుటి గోడ కనిపించదు. అతడెక్కడున్నాడో లెక్కించే బాధ్యత పరికరానిదే. 2019లో విడుదలైన ఓక్యులస్ క్వెస్ట్ ఇందుకు నాలుగు కెమెరాలను వినియోగించింది. గదిలోని మూలలు, వస్తువుల అంచులే వాటికి ఆనవాళ్లు. చీకటి పడినా, చుట్టూ ఆనవాళ్లు లేని తెల్లగోడలే ఉన్నా లెక్క తప్పుతుంది.

అప్పుడు లోపలి జైరోస్కోపు, యాక్సిలరోమీటరే ఆధారం. తల ఎటు తిరిగిందో జైరోస్కోపు చెబుతుంది. తల వంపులో దొర్లే పొరపాటును భూమ్యాకర్షణ దిశను బట్టి సరిదిద్దవచ్చు. చిక్కంతా స్థానంతోనే. త్వరణం నుంచి వేగాన్ని, వేగం నుంచి దూరాన్ని రాబట్టాలి. త్వరణంలో 0.01 మీ/సె² పొరపాటు నిలకడగా ఉంటే మొదటి సెకనులో వచ్చే తేడా అర సెంటీమీటరే. పది సెకన్లకు అది 50 సెంటీమీటర్లవుతుంది. గోడను ఢీకొనడానికి ఆ తేడా చాలు.

అందువల్ల కెమెరాల చూపు తప్పిన వెంటనే కదలకుండా నిలబడి, హెడ్‌సెట్ తీసివేయడం క్షేమం. గదిలో దీపం వెలిగించి, బోసిగోడకు ఒక పటం తగిలిస్తే సమస్య చాలావరకు తీరుతుంది.