ద్రాక్షగుత్తి బిగువు: కారణాలు, పర్యవసానాలు

ద్రాక్షగుత్తి బిగువును పండ్ల సంఖ్య ఒక్కటే నిర్ణయించదు. కాడ, దాని కొమ్మలు కల్పించే చోటుకూ, పండ్లు ఆక్రమించే చోటుకూ గల నిష్పత్తిపైనే అది ఆధారపడి ఉంటుంది. పినో న్వార్ రకంలో కాడ పొట్టిది. గుత్తి చిన్నదైనా పండ్లు ఒరుసుకుంటాయి. అదే రకంలోని మారియాఫెల్డ్ క్లోన్ గుత్తులు వదులుగా ఉంటాయి. పూత దశలో చలి, వాన పిందెకట్టును తగ్గించి గుత్తిని వదులు చేస్తాయి.

థాంప్సన్ సీడ్‌లెస్ సాగులో జిబ్బరెల్లిన్‌ను పూతకు ముందు పిచికారీ చేస్తే కాడ సాగుతుంది. పిందె దశలో చేస్తే పండు లావెక్కుతుంది. ఒకే హార్మోను ఒకప్పుడు వదులుకు, మరొకప్పుడు బిగువుకు దోహదం చేయడం పై నిష్పత్తికి నిదర్శనం.

బిగువైన గుత్తిలో తడి త్వరగా ఆరదు; ఒరిపిడికి తొక్కపై మైనపు పొర పలచబడుతుంది. బొట్రైటిస్ కుళ్ళుకు అది అనుకూలం. కనుక రకాల ఎంపికలో దిగుబడితో పాటు గుత్తి నిర్మాణాన్నీ పరిశీలించవలసి ఉంటుంది.