బ్యాటరీ కారుకు ఐదో చక్రం

బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల. ఈ మూడు ఊళ్ళ చుట్టుపక్కల రోడ్ల వెంట ఎక్కడ చూసినా నాపబండల గుట్టలే. గనుల నుంచి పాలిష్ ఫ్యాక్టరీలకు బండలు మోసే లారీలు, ట్రాక్టర్లు కుదుపు తగిలినచోటల్లా ఒక ముక్క రాలుస్తూ పోతాయి. భూవిజ్ఞానులు నార్జి సున్నపురాయి అనే ఈ రాయి పొరలు పొరలుగా విడిపోతుంది, విరిగినచోట అంచు పదునుగా తేలుతుంది. ఎదురొచ్చే లారీకి దారి ఇవ్వడానికి కారును మట్టిలోకి దించితే, గడ్డిలో నిలబడి ఉన్న బండముక్క టైరును పక్క నుంచి కోస్తుంది.

ముల్లు సంగతి వేరు. రాయలసీమలో కంపముల్లు, తుమ్మముల్లు గుచ్చుకోని బండి లేదు. ముల్లు దిగేది నేలకు ఆనే భాగంలో. అక్కడ రబ్బరు మందంగా ఉంటుంది, దాని కింద ఉక్కుతీగల పట్టీలు ఉంటాయి. ట్యూబ్‌లెస్ టైరైతే ముల్లు పీకనంతసేపు గాలి మెల్లగానే పోతుంది. రబ్బరు వత్తి దూర్చుకుని ఊరు చేరొచ్చు. పక్కగోడలో ఉక్కు పట్టీలు ఉండవు, పలచని రబ్బరు, దాని లోపల దారాల పొర అంతే. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ గోడ వంగి లేస్తుంది. మామూలు కారు చక్రం చుట్టుకొలత ఇంచుమించు 2 మీటర్లు. కడప నుంచి కర్నూలుకు సుమారు 200 కిలోమీటర్లు. అంటే ఒక్క ప్రయాణంలో ఆ గోడ దాదాపు లక్షసార్లు వంగుతుంది. అలా వంగే చోట ఏ ప్యాచూ నిలవదు. అందుకే తెలిసిన పంక్చర్ షాపు మనిషి పక్కగోడ కోసుకుందని చూడగానే తల అడ్డంగా ఊపుతాడు.

అలా కోసుకుంటే చక్రమే మార్చాలి. కానీ ఇప్పుడు వస్తున్న ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటి డిక్కీలో మార్చడానికి చక్రమే ఉండటం లేదు. దాని బదులు ఒక చిన్న సంచి, అందులో టైరులోకి ఎక్కించే జిగురుద్రవం డబ్బా, 12 వోల్టుల గాలి పంపు. ఈ ద్రవం సాధారణంగా 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రాన్ని, అదీ నేలకు ఆనే భాగంలో ఉంటేనే మూస్తుంది. మేకుకు, ముల్లుకు అది మంచి మందే. బండముక్క చేసిన కోతలోంచి మాత్రం పోసినదంతా రోడ్డు మీదికి కారిపోతుంది.

బరువైన బ్యాటరీకీ టైరుకూ తగువు ఈనాటిది కాదు. 1897లో లండన్ వీధుల్లో వాల్టర్ బెర్సీ ఎలక్ట్రిక్ టాక్సీలు తిరిగాయి. వాటి బ్యాటరీల బరువుకు టైర్లు త్వరత్వరగా అరిగిపోయేవి. రెండేళ్ళకే ఆ టాక్సీలు మూలపడ్డాయి, కారణాల్లో టైర్ల అరుగుదల ఒకటి. అదే రోజుల్లో బ్యాటరీ కారు ఒక ఘనత కూడా సాధించింది. 1899 ఏప్రిల్ 29న పారిస్ దగ్గర బెల్జియం వాడైన కామీ జెనాట్జీ తన ఎలక్ట్రిక్ కారును గంటకు 105 కిలోమీటర్లకు పైగా నడిపాడు. రోడ్డు మీద నడిచే బండి నూరు దాటడం అదే మొదలు. ఆ కారు చక్రాలకు ఉన్నవి మిషెలిన్ వారి గాలి టైర్లు.

అప్పటి కార్లలో అదనపు చక్రం లేదు. చక్రం ఊడదీసే ఏర్పాటూ లేదు. పంక్చర్ అయితే రోడ్డు పక్కన కూర్చుని, టైరును రిమ్ము నుంచి ఇనుప పలుగులతో పెకలించి, ట్యూబు అతికించి, మళ్ళీ ఎక్కించి, చేత్తో గాలి కొట్టాలి. 1904లో వేల్స్‌లోని లనెల్లి పట్నంలో డేవీస్ సోదరులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. ఆకులు లేని రిమ్ముకు గాలి నింపిన టైరు తొడిగి, దాన్ని పంక్చరైన చక్రానికి బయటివైపు బిగించేలా కొక్కేలు పెట్టారు. వాళ్ళ దుకాణం ఉన్నది స్టెప్నీ వీధిలో. అదనపు చక్రానికి ఆ పేరే ఇవాళ కడప మెకానిక్కు నోట్లోనూ ఉంది.

రెండేళ్ళకు ఇంకో మలుపు వచ్చింది, నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇది. 1906 జూన్ 26, 27 తేదీల్లో ఫ్రాన్స్‌లోని ల మాన్ దగ్గర మొట్టమొదటి గ్రాండ్ ప్రీ పందెం జరిగింది. మండుటెండ. రోడ్డు మీద పోసిన తారు కరిగి, చక్రాల నుంచి ఎగిరి డ్రైవర్ల మొహాన పడింది. టైర్లు వరసగా పేలుతున్నాయి. పందెం నియమం ప్రకారం కారు బరువు 1,000 కిలోలు దాటకూడదు. మిషెలిన్ వారు నట్లు విప్పి తీసేసే రిమ్ములు తెచ్చారు, కానీ అవి చక్రానికి 9 కిలోల చొప్పున బరువు పెంచుతాయి. కొన్ని కంపెనీలకు ఆ బరువు పెట్టుకునే వీలు లేకపోయింది. రెనో కారు నడిపిన ఫెరెంక్ సిస్ వెనక చక్రాలకు వాటిని బిగించుకున్నాడు. అవి లేనివాళ్ళు పావుగంట సేపు చేసే పనిని నాలుగు నిమిషాల లోపే ముగించుకుని, రెండోస్థానం వాడికంటే అరగంటకు పైగా ముందు గమ్యం చేరాడు. బరువు మోసినవాడే గెలిచాడు.

ఆ తర్వాత ముప్పావు శతాబ్దం పైగా కారంటే ఐదు చక్రాలు. ఆ ఐదోదాన్ని తీసేయాలన్న ఆలోచన మళ్ళీ ఎలక్ట్రిక్ కారుతోనే బలపడింది. 1996లో అమెరికాలో జనరల్ మోటార్స్ తెచ్చిన ఈవీ1కు స్టెప్నీ ఇవ్వలేదు. చిన్న రంధ్రాలను తమంతట తాము మూసుకునే టైర్లు, గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు ఇచ్చారు. మన దగ్గర 2020 జులైలో కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి పీడనాన్ని గమనించే పరికరం, పంక్చర్ కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదంది. చోటు మిగిలితే ఎలక్ట్రిక్ కార్లలో పెద్ద బ్యాటరీ పెట్టుకోవచ్చన్నది అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. అక్టోబరు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. స్టెప్నీ వద్దని ఆ నిబంధన అనలేదు, ఇవ్వకపోయినా సరే అంది.

చోటు మాట నిజమే. బరువు వల్ల రేంజి తగ్గుతుందన్న మాటను మాత్రం లెక్కేసి చూడాలి. టైరు, రిమ్ము, జాకీ, పానా అన్నీ కలిపి 20 కిలోలు అనుకుందాం. అంత బరువును చదునైన రోడ్డు మీద దొర్లించడానికి అదనంగా కావలసిన బలం ఇంచుమించు 2 న్యూటన్లు. కడప నుంచి కర్నూలు దాకా 200 కిలోమీటర్లకు అది 4 లక్షల జౌళ్ళు, అంటే ఒక యూనిట్ కరెంటులో తొమ్మిదో వంతు. యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు నడిచే కారుకు అది ముప్పావు కిలోమీటరు. ఎత్తుపల్లాలు, బ్రేకులు, ఆగి కదలడాలు కలుపుకున్నా కిలోమీటరు చిల్లర. ఈ దారి పక్కనే గని, శకునాల ఊళ్ళ దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. కిలోమీటరు కరెంటుకు ఇక్కడ ఎవరూ దిగులు పడనక్కర్లేదు.

చక్రం లేకపోతే పడే పాట్లు మాత్రం ఎలక్ట్రిక్ కారుకు ఎక్కువ. పాత కారైతే తాడు కట్టి లాక్కుపోవచ్చు. చాలా ఎలక్ట్రిక్ కార్లలో మోటారులో శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. స్విచ్ ఆపేసినా, చక్రాలు తిరిగితే మోటారూ తిరుగుతుంది, కరెంటు పుడుతుంది, లోపలి పరికరాలు దెబ్బతినొచ్చు. అందుకే నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా కారును మొత్తంగా ఎక్కించుకునే లారీ కావాలి. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా పోయే 40వ నంబరు హైవే మీద అది వస్తుంది, కాస్త ఆలస్యంగానైనా. ఔకు అవతల గనుల దారిలోనో, ఆత్మకూరు నుంచి దోర్నాలకు పోయే నల్లమల దారిలోనో ఆగిపోతే పూట గడిచిపోతుంది.

కాబట్టి సీమలో తిరిగే ఎలక్ట్రిక్ కారులో స్టెప్నీ ఉండాలి, డిక్కీ సగం నిండినా సరే. కంపెనీ ఇవ్వకపోతే కొనుక్కోవాలి. కొనేటప్పుడు నట్ల రంధ్రాల వరస, మధ్య రంధ్రం కొలత, టైరు ఎత్తు కలవాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది, బరువు మోసే అంకె. టైరు మీద సైజు పక్కన ఉండే అంకె 91 అయితే ఆ టైరు 615 కిలోలు మోస్తుంది, 95 అయితే 690. అదే మోడల్ పెట్రోలు కారు స్టెప్నీ చవగ్గా దొరికిందని తెచ్చుకుంటే సైజు సరిపోయినా ఈ అంకె తక్కువ కావచ్చు. సన్నని తాత్కాలిక చక్రమైతే గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. దాన్ని మోటారు తిప్పే ఇరుసుకు బిగించకుండా ఉంటే మేలు. ఎత్తు తేడా వల్ల డిఫరెన్షియల్ ఆగకుండా పనిచేయాల్సి వస్తుంది.

జాకీ పెట్టేటప్పుడే అసలు జాగ్రత్త. కారు నేల కింద పరుచుకుని ఉన్నది బ్యాటరీ పెట్టె. జాకీ తల దానికి తగిలితే ఒకటిన్నర టన్ను కారు బరువులో పెద్ద వాటా ఆ ఒక్కచోట పడి పెట్టె లోపలికి నొక్కుకుపోతుంది. తలుపుల కింద అంచున, చక్రాల దగ్గర, జాకీ కోసం గాడి లేదా గుర్తు ఉంటుంది, అక్కడే పెట్టాలి. కారును పార్క్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, పవర్ ఆపేసి, మూలగా ఎదురుగా ఉన్న చక్రానికి రాయి అడ్డం పెట్టాలి. చక్రం నేల మీద ఉన్నప్పుడే నట్లను అర చుట్టు వదులు చేసుకోవాలి, పైకి లేపాక చేస్తే కారు ఊగుతుంది. కుందూ లోయలోని నల్లరేగడిలో వాన పడ్డాక జాకీ భూమిలోకి దిగిపోతుంది కాబట్టి డిక్కీలో ఒక మందపాటి చెక్కముక్క ఉంచుకోవాలి. చేతికి అందింది కదా అని నాపబండ పెట్టకూడదు. పొరలుగా విడిపోయే రాయి కాబట్టి బరువు ఒకేచోట పడగానే చిట్లుతుంది.

ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో నంద్యాల, కడపల్లో 44, 45 డిగ్రీలు మామూలే. టైరులోని గాలి పది డిగ్రీలు వేడెక్కితే పీడనం సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. అందుకని గాలి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. మధ్యాహ్నం ఎక్కువ చూపిస్తోందని తీసేస్తే రాత్రికి తక్కువైపోతుంది. గాలి తగ్గిన టైరు పక్కగోడ ఇంకా ఎక్కువ వంగుతుంది, వేడెక్కుతుంది. పంక్చర్ కిట్టులోని ద్రవానికీ గడువు తేదీ ఉంటుంది, వేడికి డిక్కీలో అది ముందే పాడవుతుంది.

పీడనం చూసే పరికరం సాధారణంగా నడిచే నాలుగు చక్రాలనే గమనిస్తుంది, డిక్కీలోదాన్ని కాదు. గాలి కొట్టించినప్పుడల్లా దానికీ కొట్టించాలి. టైరు పక్కగోడ మీద చివర నాలుగంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని. ఒక్కసారి కూడా రోడ్డెక్కకపోయినా, పదేళ్ళు నిండిన స్టెప్నీని తీసేసి కొత్తది వేసుకోవాలి.