చిరుగు చిన్నదిగా ఉన్నప్పుడే

బియ్యం, పప్పు, కిరాయి, కరెంటు. ఈ ఖర్చుల లెక్క ఇంట్లో అందరికీ తెలుసు. బట్టల లెక్క మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ వేయరు. పండగకో, పెళ్లికో ఒకేసారి పెద్ద మొత్తం ఖర్చవుతుంది. కొన్ని ఇళ్లలో అప్పు అక్కడే మొదలవుతుంది.

ఒక లెక్క చూద్దాం. చీర ధర 600 రూపాయలు అనుకుందాం. రెండేళ్లు కడితే నెలకు 25 రూపాయలు పడుతుంది. అదే చీరను బాగుచేసుకుని మూడేళ్లు కడితే నెలకు 17 రూపాయల లోపే పడుతుంది. అంటే నెలకు 8 రూపాయలు మిగిలినట్టే. ఇది ఒక్క చీరకే. ఇంట్లో అందరి బట్టలూ కలిపితే ఎంత మిగులుతుందో మీరే లెక్క కట్టండి.

పాత తరం పద్ధతి

ఈ లెక్క పాత తరం ఆడవాళ్ల చేతిలో ఉండేది. నూలు చీర మధ్యలో చినిగితే ఆ ముక్క తీసేసేవాళ్లు. మిగిలిన రెండు భాగాలూ కలిపి కుట్టేవాళ్లు. ఆ కుట్టు కుచ్చిళ్లలో దాగిపోయేది. చీర ఇంకా పాతబడితే పిల్లలకు లంగా అయ్యేది. ఉతికి ఉతికి మెత్తబడిన బట్టను పసిబిడ్డకు పొత్తిగుడ్డగా వాడేవాళ్లు. మూడు నాలుగు పాత చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి బొంత కుట్టేవాళ్లు. పొరల మధ్య గాలి నిలుస్తుంది. అందుకే బొంత వెచ్చగా ఉంటుంది. చివరికి మిగిలిన పేలిక పొయ్యి దగ్గర మసిగుడ్డ అయ్యేది.

హైదరాబాదు పాతబస్తీ ముస్లిం ఇళ్లలో పెళ్లికూతురు ఖడా దుపట్టా వేసుకుంటుంది. తల్లి దుపట్టా కూతురికి ఇచ్చే ఇళ్లున్నాయి. బట్ట పాతబడితే జరీ అంచు విప్పి కొత్త బట్టకు వేయిస్తారు. బట్ట పోయినా అంచు ఇంకో తరానికి అందుతుంది.

రఫూ అంటే ఏమిటి?

పాతబస్తీలో రఫూ పని తెలియనివాళ్లు తక్కువ. చిరుగు దగ్గర పోగులు తెగి ఉంటాయి. రఫూ చేసేవాళ్లు అదే బట్ట లోపలి మడతలోంచి పోగులు తీస్తారు. సన్న సూదితో ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి పోనిస్తారు. మగ్గం మీద జరిగే నేతనే వాళ్లు సూదితో చేస్తారు. పని బాగా కుదిరితే చిరుగు ఎక్కడుందో కనబడదు.

ఇందులో సిగ్గు లేదు

కుట్టిన బట్ట వేసుకుంటే నలుగురూ నవ్వుతారని కొందరి భయం. బెంగాల్‌లో పాత చీరలతో కాంతా కుడతారు. ఉత్తర కర్ణాటకలో కౌది కుడతారు. బ్రిటన్ సంపన్న దేశమే. అయినా యుద్ధం వల్ల 1941 నుంచి 1949 దాకా అక్కడ బట్టలకు రేషన్ పెట్టారు. పాత బట్టలు ఎలా బాగుచేసుకోవాలో చెబుతూ 1943లో ప్రభుత్వమే పుస్తకం అచ్చువేసింది. చిరుగు కుట్టుకోవడం తెలివైన పని. అది పేదరికానికి గుర్తు కాదు.

మాసిక వేసే పద్ధతి

1. చిరుగు కనబడగానే కుట్టాలి. ఉతికేటప్పుడు పిండితే చిన్న చిరుగు పెద్దదవుతుంది.
2. నూలు బట్టకు నూలు ముక్కే వేయాలి. కొత్త ముక్కయితే ముందు తడిపి ఆరేయాలి. లేకపోతే తర్వాత అది కుంచించుకుపోయి బట్టను లాగేస్తుంది.
3. ముక్క చిరుగుకన్నా చుట్టూ ఒక అంగుళం పెద్దదిగా ఉండాలి. అంచు లోపలికి మడిచి దగ్గర దగ్గరగా కుట్టాలి.
4. చీర ఎక్కువగా పాదాల దగ్గర అరుగుతుంది. అరిగిన ఫాల్ మార్చుకుంటే చీర నిలుస్తుంది.

ఒక జాగ్రత్త

ఇప్పుడు పాలిస్టర్ బట్టలు ఎక్కువయ్యాయి. పాత పద్ధతులన్నీ వాటికి పనికిరావు. పాలిస్టర్ చెమటను, తడిని సరిగ్గా పీల్చదు. పసిపిల్లల పొత్తిగుడ్డలకు అది వద్దు. మసిగుడ్డగా అసలే వాడకూడదు. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. గాయం లోతుగా అవుతుంది. పొయ్యి దగ్గర నూలు గుడ్డే ఉండాలి. దాన్నీ మంటకు దూరంగా పట్టుకోవాలి.

నేర్పాల్సింది ఎవరికి?

అమ్మమ్మకు వచ్చిన కుట్టు చాలామంది మనవరాళ్లకు రావడం లేదు. ఆడపిల్లలకు నేర్పితే సరిపోదు. గుండీ ఊడితే కొడుకు కూడా తానే కుట్టుకోవాలి. సూదికి ఆడ, మగ తేడా లేదు.

నోటు పుస్తకంలో ఒక పేజీ మీద 'బట్టలు' అని రాయండి. కొన్న తేదీ, ధర, బాగుచేయడానికి అయిన ఖర్చు అందులో రాస్తూ ఉండండి. ఏడాది తర్వాత కూడి చూడండి. మిగిలిన డబ్బు ఎంతో ఆ పేజీయే చెబుతుంది.